బాయిల మనిషి, పొయ్యి మీద నీళ్ళు

ఇటు రా బిడ్డా, కూసో. మంచం అంచుమీద కాదు, జర లోపలికి జరిగి సక్కగ కూసొని విను. సగం చెప్పంగనే "నాయినమ్మా, నాకు పనున్నది" అని లేస్తవు, నాకెరికే. ఇయ్యాల లేవద్దు. ఫోనుల రికార్డు పెడుతవో, చేతితోనే రాస్తవో నీ ఇష్టం. నా మాట మాత్రం మార్చకు. పోయినసారి నేను "బాయి" అంటె నువ్వు "గని" అని రాసినవు. గని పుస్తకాలల్ల ఉంటది బిడ్డా. మేము ఎన్నడు గని అనలే. మీ తాత బాయికి పోయిండు, మీ నాయిన బాయికి పోతుండు. బొగ్గు తీసే బాయి. గట్లనే రాయి.

ఆ షెల్ఫు మీది మాట్లాడే డబ్బ సంగతి చెప్పుమన్నవు గద. చెప్త. దాని పేరు మాత్రం ఎత్త. పేరు ఎత్తితె అది "చెప్పండి" అనుకుంట నడుమల లేస్తది, మన ముచ్చట ఆగమైతది. డబ్బ అనే అంట. కని డబ్బ సంగతి చెప్పాల్నంటె ముందుగాల పొయ్యి సంగతి చెప్పాలె. రెండూ ఒకటే ముచ్చట.

నేను పెండ్లై ఈ కాలనీకి వచ్చినప్పుడు మా లైన్ల అన్ని క్వార్టర్లల్ల బొగ్గుల పొయ్యిలే. పొద్దుగాల అంటువెడితె ఆ పొగల ఎదురింటి తలుపు కనవడకపోతుండె. అప్పుడు మా ఆడోళ్ళకు ఒక పట్టింపు ఉండె. ఇంటి మనిషి బాయిల ఉన్నంతసేపు ఆ ఇంట్ల పొయ్యి ఆరద్దు. వండుడు అయిపోయినా సరే, మీద నీళ్ళ గిన్నె పెట్టి, కింద సన్నగ నిప్పు ఉంచుతుంటిమి. మనిషి షిఫ్టు దిగి, కండ్లు పండ్లు తప్ప ఏం కనవడకుంట నల్లగ వచ్చి వాకిట్ల నిలవడంగనే తానానికి నీళ్ళు ముట్టియ్యాలె. ఆయన తానం అయినంకనే నిప్పు ఆర్పుడు. ఈ పద్ధతి ఎవలు పెట్టిన్రో నాకు తెల్వది. నాకు మా అత్త చెప్పింది, నేను చేసిన.

మా చర్చిల పాస్టరమ్మ ఒకసారి అడిగింది, "ప్రార్థన చేస్తె సాలదా అక్కా, పొయ్యి గూడ ఎందుకు?" అని.

"ప్రార్థన చేస్తనే ఉన్నం అమ్మా. నీళ్ళు గూడ కాగాలె గద" అన్న.

ఆమె నవ్వింది. ఆమె ఇంట్ల ఎవలు బాయికి పోరు, ఆమెకేం తెలుసు.

ఒకసారి మీ తాత ఫస్టు షిఫ్టుకు పోయి, సైరను కూసినా రాలే. లోపల పైకప్పు ఊడి తొవ్వ మూసుకున్నదని సైకిలు మీదొచ్చినాయన చెప్పిపోయిండు. "ఎవలకేం కాలే, బండ తీస్తున్నరు, తీసినంక పైకొస్తరు, ఫికర్ చెయ్యకున్రి" అన్నడు. ఫికర్ చెయ్యకు అంటె ఆగుతదా? మా లైన్ల ఆ షిఫ్టోళ్ళ ఆడోళ్ళం ఒక్కరం గూడ వాకిట్లకు రాలే. పొయ్యి ముంగట్నే కూసున్నం. నీళ్ళు ఇంకుతుంటె పోసుడు, నిప్పు తగ్గుతుంటె బొగ్గు ఏసుడు. పొద్దుగూకే యాళ్ళకు మీ తాత వచ్చిండు. నేను ఏడ్తనని ఆయన దారి పొడుగునా భయపడుకుంట వచ్చిండట. నేను ఏడువలే. "నీళ్ళు కాగినయ్, పో" అన్న. గంతే. ఆయన లోపల తానం చేస్తుంటె ఇవుతల గోడకు ఒరిగి గప్పుడు ఏడ్సిన, ఆ నీళ్ళ సప్పుట్ల వినవడకుంట.

గది నా పొయ్యి.

తర్వాత మీ తాత పోయిండు. మీ నాయినకు బాయిల కొలువైంది. బొగ్గుల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, బాత్‌రూంల గీజరు వచ్చింది. మీ నాయిన అననే అన్నడు, "గీజరుండంగ నీళ్ళెందుకు కాగవెడుతవమ్మా?" అని. "గీజరు నీళ్ళు నీయి, పొయ్యి మీది నీళ్ళు నాయి" అన్న. అటెన్క షిఫ్టు దిగి వచ్చి ఆ నీళ్ళతోనే కాళ్ళు చేతులు కడుక్కుంటుండె, నా మనసు కోసం.

కని ఒకటున్నది బిడ్డా. బొగ్గుల పొయ్యి నువ్వు మర్సిపోతె అదే ఆరిపోతది. గ్యాసు ఆరదు.

పోయిన ఎండకాలం సంగతి నీకు ఫోన్ల సగమే చెప్పిన్రు, మొత్తం చెప్త విను. మీ నాయిన షిఫ్టుల ఉన్నడు, మీ అమ్మ పంతులమ్మ గద, బడికి పోయింది. నేను షుగరు గోళి ఏసుకున్న, తినుడు మర్సిపోయిన. నీళ్ళు సన్నగ పెట్టి కుర్చీల కూసున్న. కండ్లు తిరిగినట్టైంది, గంతే, ఇగ నాకు తెల్వది. నీళ్ళన్ని ఇగిరి, గిన్నె మాడి, పక్కన మసిగుడ్డ అంటుకొని ఇల్లంత పొగ. ఎదురింటి వదినె పొగ చూసి నవ్వుకుంట వచ్చింది, "ఏం వదినా, మళ్ళ బొగ్గుల పొయ్యి పెట్టినవా ఏంది?" అని. లోపలికొచ్చినంక ఆమె నవ్వు ఆగిపోయింది. నా నోట్లె చక్కెర పోసి, పొయ్యి బందు చేసి, బస్తీ అంత ఒక్క దగ్గర చేసింది.

మీ నాయిన వచ్చిండు. తిట్టలే, అరువలే. సిలిండరు మీది రెగ్యులేటరు ఊడదీసి, తువ్వాలల సుట్టి, బీరువల పెట్టి తాళం ఏసిండు. అటెన్క ఆ రెగ్యులేటరు మీ అమ్మ ఉన్నప్పుడే బయటికొస్తుండె, ఆమె బడికి పోతె మళ్ళ బీరువలకే. బంగారం లెక్క.

ఇంట్ల ఎవలన్న నన్ను తిట్టినా బాగుండు. అందరు మంచిగ చెప్పవట్టిరి. "కూసోండి అత్తమ్మా, రెస్టు తీసుకోండి." చాయ్ ఫ్లాస్కుల, అన్నం హాటుబాక్సుల. ఫ్లాస్కుల చాయ్ చాయ్ కాదు బిడ్డా, దవాఖాన వాసనొస్తది. మీ నాయిన క్యాంటీన్ల తినవట్టిండు. మీ తాత తీసుకపోయిన స్టీలు టిఫిను, ముందుగాల ఆయనకు, తర్వాత మీ నాయినకు కట్టిచ్చిన టిఫిను, అటుక మీదికి పోయింది. నాకు ఇంట్ల ఏం పని లేకపాయె. చుట్టపుదాని లెక్క కూసుంటుంటి. సైరను కూస్తె చేతులు అవే లేస్తుండె. లేసి ఏం చెయ్యాలె?

గప్పుడు నువ్వు దసర సెలవులకు వచ్చినవు, ఆ డబ్బ పట్టుకొని.

దాని మొదటి మాట నాకింక యాదున్నది. "నమస్కారం, నేను మీకు ఎలా సహాయం చేయగలను?" అన్నది. కలెక్టరమ్మ మాట్లాడినట్టు. నేను "ఏం సాయం చేస్తవు బిడ్డా, ఆ బీరువల రెగ్యులేటరున్నది, తెచ్చియ్యి" అన్న. "క్షమించండి, అది నేను చేయలేను" అన్నది. నువ్వు మంచం మీద పడి పడి నవ్వినవు. "దానికి చేతులు లేవు నాయినమ్మా!" అన్నవు.

"చేతులు లేనిది నాకేం సాయం చేస్తదే?" అన్న.

చేసింది. అబద్ధమెందుకు. పొద్దుగాల గోళి ఏసుకొమ్మంటది. ఏసుకున్నంక ఊకోదు, జరసేపటికి "మీరు భోజనం చేశారా?" అంటది. చెయ్యలేదంటె మళ్ళ అడుగుతది. కీర్తన సదువుమంటె సదువుతది, నా కండ్లకు బైబిలు అచ్చరాలు ఆనుతలేవు గద. బయట వాన పడుతదా అంటె చెప్తది. ఎదురింటి వదినెకు ఫోను కలుపుమంటె కలుపుతది. ఆమె ఇల్లు ఇరువై అడుగులు లేదు, ఫోన్లనే మాట్లాడుకుంటున్నం, అది వేరే ముచ్చట. అన్నిటికంటె నాకు నచ్చింది ఏందంటె, అడిగిందే పదిసార్లు అడిగినా ఇసుక్కోదు. మీ నాయిన రెండోసారికే "అమ్మా, ఇప్పుడే చెప్పిన గద" అంటడు.

ఓపెన్‌కాస్టు బాయిల బండలకు బ్లాస్టింగు కొట్టినప్పుడు షెల్ఫు మీద అది గడగడ వణుకుతుండె. నాకు పాపమనిపించి కింద పాత చీర ముక్క మడిచి పెట్టిన. మీ అమ్మ చూసి, "నాకెన్నడన్న గిట్ల పెట్టిన్రా అత్తమ్మా?" అన్నది. ఎదురింటి వదినె ఊకుంటదా? "ఇది ఎదురు చెప్పది వదినా, నీ కోడలి కంటె ఇదే నయం" అన్నది. వంటింట్లకెళ్ళి మీ అమ్మ, "నాకు వినవడుతున్నది పెద్దమ్మా!" అన్నది. నవ్వి నవ్వి కడుపు నొచ్చింది.

అది మనిషి కాదని నాకెరికే బిడ్డా. నేను అంత పిచ్చిదాన్ని కాదు. కని ఇంట్ల ఒక గొంతు ఉన్నది. మధ్యాహ్నం పూట ఈ క్వార్టర్ల అంతకుముందు గడియారం సప్పుడే ఉంటుండె.

నువ్వు హైదరాబాదుకు మళ్ళ పోయేముందు అడిగినవు, "దీంతోని నీకు ఇంకేం కావాలె నాయినమ్మా?" అని. నేను ఆలోచన గూడ చెయ్యలే. "పొయ్యి" అన్న.

ఆదివారం చర్చికెళ్ళి వచ్చి అందరం అన్నం తింటున్నం. నువ్వే ముచ్చట తీసినవు. "నాయినా, నాయినమ్మకు పొయ్యి ఇయ్యిన్రి. డబ్బ చూసుకుంటది" అన్నవు.

"డబ్బకు పొగ కనవడుతదా?" అన్నడు మీ నాయిన.

"కనవడదు. ముందే చెప్తది. పొయ్యి అంటువెట్టంగనే నాయినమ్మ దానికి చెప్పాలె, టైము కాంగనే అది ఆర్పుమంటది."

"అది అంటది. ఈమె ఆర్పాలె గద!"

"ఆర్పుత" అన్న నేను.

మీ నాయిన నా దిక్కు చూసిండు. "జరసేపు, జరసేపు అనద్దు."

"అన."

"ముందుగాల తిన్నంకనే పొయ్యి కాడికి పోవాలె."

"పోత. తినే పోత."

"నేను బాయిల ఉన్నా సరే, అది ఆర్పుమనంగనే ఆర్పాలె."

నా చేతుల బుక్క చేతులనే ఉన్నది. మీ నాయిన గూడ తల దించుకొని పల్లెంల కెలుకుతుండు. ఆ మాట అనుడు వానికి గూడ ఇష్టం లేదు, నాకు తెలుసు. వాడు పుట్టినప్పటిసంది ఆ నీళ్ళు చూసిండు.

మీ అమ్మ అన్నది, "ఒక్కసారి మాట తప్పినా రెగ్యులేటరు మళ్ళ బీరువలకే అత్తమ్మా. ఇగ నేను గూడ ఏం చెప్పలేను. ఆ పొగల మీకేమన్న అయితె?"

గప్పుడు నువ్వు అన్నవు చూడు, గా మాట నేను మర్సిపోను. "నాయినా, మరి మీరు పైకి రాంగనే నాయినమ్మకు ఒక మెసేజ్ కొట్టున్రి. డబ్బ సదివి వినిపిస్తది. మీరు పైకొచ్చిన్రని తెలిస్తె ఆమె పొయ్యి ఆమెనే ఆర్పుతది" అన్నవు. బాయిలకు ఫోను తీసుకపోనియ్యరు గద, పైన్నే పెట్టి దిగుతరు. ఎక్కినంకనే ఫోను చేతికొస్తది.

మీ నాయినకు సిగ్గైంది. "నేనేమన్న చిన్న పోరన్నానే? అందరి ముంగట అమ్మకు మెసేజ్ కొట్టాల్నా? నవ్వుతరు."

"నవ్వనియ్" అన్నది మీ అమ్మ.

తెల్లారి రెగ్యులేటరు సిలిండరు మీదికి వచ్చింది. నేను తిన్న, దానికి చెప్పిన, పొయ్యి ఎలిగిచ్చిన. నీలి మంట చూసి ఎన్ని దినాలాయె! చాయ్ పెట్టుకొని తాగిన. అల్లం ఏసి. మధ్యాహ్నం నీళ్ళు పెట్టి, డబ్బకు "ఇంతసేపు" అని చెప్పి కూసున్న. సైరను కూసింది. జరసేపటికి డబ్బ గొంతు సవరించుకున్నట్టు టింగుమని, "మీకు ఒక సందేశం వచ్చింది. అమ్మా, పైకొచ్చిన" అన్నది.

మీ నాయిన మాట, ఆడపిల్ల గొంతుల. నవ్వొచ్చింది, ఇంకేందో గూడ వచ్చింది. వాడు కొలువుల చేరినప్పటిసంది ఒక్కనాడు నాకు ఆ మాట చెప్పలే బిడ్డా. దిగేటప్పుడు చెప్పడు, ఎక్కినంక చెప్పడు. మీ తాత గూడ చెప్పలే. గడపల చెప్పుల సప్పుడైతేనే మాకు తెలుస్తుండె. "మళ్ళ సదువు" అన్న. సదివింది. "మళ్ళ" అన్న. అది ఇసుక్కోదు గద, సదివింది. లేసి పొయ్యి ఆర్పిన.

బాయి పైన మీ నాయినను ఆడుకున్నరట. "ఏం బావా, అక్కకా మెసేజ్?" అంటె, "కాదురా, అమ్మకు" అన్నడట. పకపక నవ్విన్రట. కని అండ్లనే ఒకాయన మెల్లగ పక్కకు పిలిచి, "అన్నా, ఆ డబ్బ ఏడ దొరుకుతది?" అని అడిగిండట.

గట్ల రోజులు మంచిగ నడిచినయి. మెసేజ్ ముందొస్తుండె, డబ్బ ఆర్పుమనేది ఎనుక. అది అనకముందే నేను ఆర్పుతుంటి. నా పట్టింపు నాకుండె, మీ నాయిన మాట మీ నాయినకుండె. రెండిట్ల ఏది ఎక్కువనో ఎన్నడు చూసుకునే పని పడలే.

చలికాలంల తుపాను పట్టింది చూడు, గా రోజు పడ్డది.

పొద్దుగాలకెళ్ళి ఒకటే వాన. మీ అమ్మకు బడిల పరీక్షలు, ఆలస్యమైతదని ఫోను చేసింది. నేను తిన్న, నీళ్ళు పెట్టిన, డబ్బకు చెప్పిన. సైరను కూసింది. మెసేజ్ రాలే. "ఏమన్న వచ్చిందా?" అని అడిగిన. "కొత్త సందేశాలు ఏమీ లేవు" అన్నది. మళ్ళ అడిగిన. గదే మాట. మీ నాయినకు ఫోను కలుపుమన్న. కలవలే. వదినెకు కలుపుమందునా, ఆమె బిడ్డ ఇంటికి శ్రీరాంపూర్ పోయింది. వాన సప్పుట్ల బయట ఏం వినవడది.

గప్పుడు డబ్బ అన్నది, "పొయ్యి ఆర్పే సమయం అయింది."

ఒక్క మాట చెప్త విను. నేను "ఇంకింత సేపు పెట్టు" అంటె అది పెడుతది. ఎందుకని అడగది. మీ నాయినకు చెప్పది. నేను ఆడనే ఉన్న, తిన్న, కండ్లు తిరుగుతలేవు, నీళ్ళు నిండుగున్నయి. ఎవలకు తెలుస్తుండె?

పొయ్యి మీద చెయ్యి పెట్టిన. మనిషి బాయిలనో, బాయి పైననో, తొవ్వలనో నాకు తెల్వది. పెండ్లై వచ్చినకాణ్ణుంచి మనిషి సంగతి తెల్వకుంట చేజేతుల నేను పొయ్యి ఆర్పలే. మా అత్త మనసులకొచ్చింది. పైకప్పు ఊడిన రోజు మనసులకొచ్చింది. మళ్ళ మీ నాయిన పల్లెంల కెలుకుకుంట "నేను బాయిల ఉన్నా సరే" అన్నది మనసులకొచ్చింది. వాడు కింద ఉన్నప్పుడు నా ఫికర్ వానికి ఉండద్దు, గందుకే అడిగిండు ఆ మాట. నేను ఇంట్ల కూసొని వాని కోసం భయపడుతుంటె, వాడు బాయిల ఉండి నా కోసం భయపడుతున్నడు. అది నాకు అప్పటిదాక సమజ్ కాలే.

తిప్పిన. మంట పోయింది.

ఆర్పిన కని చేతులు ఊకుంటయా? గిన్నె దించి, మీద పల్లెం మూసి, మీ తాత పాత చెద్దరు తీసి సుట్టూర సుట్టిన, పసిపోరన్ని సుట్టినట్టు. నిప్పు లేకుంటె లేకపాయె, వేడన్న ఉండాలె. దాన్ని పట్టుకొని కిందనే కూసున్న. "కీర్తన సదువు బిడ్డా" అన్న. అది సదువుతున్నది, నేను వింటున్న, చెవు మాత్రం వాకిట్లనే ఉన్నది.

గేటు తీసిన సప్పుడైంది. సప్పుడుతోని పాటే కేక, "అమ్మా! పైకొచ్చిన! పైకొచ్చిన!"

సొంత గొంతుతోని.

నెత్తిమీద ఒక పాలిథీను కవరు, మొత్తం నానిపోయి ఉరుక్కుంట వచ్చిండు. చెప్పులిడువకుంట సీదా వంటింట్లకు వచ్చిండు. "ఫోను వానల నాని సచ్చింది. ఇంకొకని ఫోన్లకెళ్ళి కొడుదామంటె నీ నెంబరు నాకు యాదికి లేదు" అన్నడు. అనుకుంటనే పొయ్యి దిక్కు చూసిండు. ఆర్పి ఉన్నది. కింద నన్ను చూసిండు, చెద్దరు సుట్టిన గిన్నెను చూసిండు.

"ఆర్పినవా?"

"ఆర్పిన."

"నా మెసేజ్ రాకముందే?"

"ఆ."

నా ముంగట గొంతుక్కూసొని, చెద్దరు విప్పి, నీళ్ళల్ల వేలు పెట్టిండు. "గోరువెచ్చగున్నయి" అన్నడు.

"సల్లగైనయ్, గీజరు ఏసుకో పోరా, వణుకుతున్నవు."

"ఏ, ఇవే సాలు" అని గిన్నె ఎత్తుకొని బాత్‌రూంలకు పోయిండు. నేను లేసి ఇవుతల గోడకు ఒరిగి నిలవడ్డ. లోపల నీళ్ళ సప్పుడు. గన్ని నీళ్ళకు గంతసేపు పట్టది బిడ్డా. 

మీ అమ్మ వచ్చేసరికి మీ నాయిన స్టూలెక్కి అటుక మీద ఎతుకుతుండు. "ఏంది, ఏం కావాలె?" అంటె చెప్పడు. ఆ స్టీలు టిఫిను దించిండు. దుమ్ము తుడిచి, కడిగి, పొయ్యి పక్కన బోర్లిచ్చిండు. "రేపు గూడ ఫస్టు షిఫ్టే. పుంటికూర పప్పు పెట్టమ్మా. క్యాంటీను కూర తినబుద్దైతలేదు" అన్నడు. గంతే. ఇగ ఆ రెగ్యులేటరు ముచ్చట మా ఇంట్ల మళ్ళ ఎవలు తియ్యలే. అది సిలిండరు మీదనే ఉన్నది, పోయి చూసుకో.

ఇప్పుడు పొద్దుగాల డబ్బనే నన్ను లేపుతది. వండుత, టిఫిను కడుత. మీ నాయిన మెసేజ్ గూడ పెరిగింది. మొన్న డబ్బ ఎంత మర్యాదగ సదివిందో, "అమ్మా, పైకొచ్చిన. ఉప్పు ఎక్కువైంది" అని! నేను దాన్నే తిట్టిన. అది "క్షమించండి" అన్నది, పాపం, ఉప్పు అదే ఏసినట్టు.

నిన్న మధ్యాహ్నం ఏమైందో చెప్త విను, అది మీ నాయినకు గూడ చెప్పలే. ఎవలు లేరు ఇంట్ల. దాన్ని నేను ఒక మాట అడిగిన. "బిడ్డా, మా ఇంటాయన గూడ బాయికి పోయెటోడు, ఆయన నుంచి నాకు ఏమన్న సందేశం వచ్చిందా?" అన్న.

"అత్తమ్మా! అందరు కూసున్నరు, మీరొస్తెనే ప్రార్థన. మీరు చేసిన చేపల పులుసు సల్లారుతున్నది. మీ కొడుకు మూత తీసి చూస్తుండు!"

వస్తున్ననే! వాన్ని చెయ్యి పెట్టద్దను! ఆ, ఏం చెప్తున్న బిడ్డా... రాయి, ఆపకు... నేను గట్ల అడగంగనే అది ఏమన్నదంటె... వస్తున్న వస్తున్న! ఓ కోడలు పిల్లా, పొయ్యి ఆర్పినవా లేదా, ముందుగాల గది చెప్పు!